దొంగ, ద్వీపాంతరం, నవల

దొంగ మీద జాలి చూపించిన రచనంతా అభ్యుదయ రచనే అనుకోవడం మన విమర్శలో చాలాకాలంగా వున్న అలవాటు. ఈ అలవాటుకు మూలపురుషుడు విక్టర్ హ్యూగో సృష్టించిన జాన్ వాల్జాన్. అక్క పిల్లలు ఏడుగురు ఆకలితో అలమటిస్తుంటే ఒక రొట్టె దొంగిలించినవాడు. అయిదేళ్ల శిక్ష, పారిపోవడానికి చేసిన ప్రయత్నాలవల్ల పందొమ్మిదేళ్లయి, తూలాన్ రేవులో గొలుసులు మోసినవాడు. 1950లో 'బీదలపాట్లు' సినిమాలో నాగయ్య ఆ పాత్ర వేశాక తెలుగువాళ్లకు కూడా సొంత మనిషయిపోయాడు. ఆ తర్వాత మన కథల్లో ఎందరు రొట్టెదొంగలు, అన్నం దొంగలు, అరటిపళ్ల దొంగలు వచ్చారో లెక్కలేదు.

వాల్జాన్‌ని క్షమించడానికి పాఠకుడికి ఖర్చేమీ లేదు. రొట్టె చిన్నది, ఆకలి పెద్దది. చట్టం దుర్మార్గమని ఒప్పుకోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆస్తి ఎవరిది, ఎలా వచ్చింది, ఒకప్పుడు అందరిదీ అయిన వస్తువు ఏనాటినుంచి 'దొంగసొత్తు' అయింది అనే ప్రశ్నలు అక్కడ లేవవు. దొంగను క్షమించిన సాహిత్యం ప్రపంచంలో బోలెడు వుంది. దొంగతనాన్ని విచారించిన సాహిత్యం మాత్రం తక్కువ. దొంగలను సముద్రం దాటించి దూరదేశపు శిక్షాస్థావరాలకు పంపిన చరిత్ర చుట్టూ అల్లుకున్న నవలలను తీసుకుని, ఈ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో చూడాలని ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ముందు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లండు ఈ శిక్షను ఒక క్రమపద్ధతిగా నడిపింది నూటయాభై ఏళ్లు: 1718 నాటి చట్టం మొదలు, 1868 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవులో ఆఖరి ఖైదీల ఓడ ఆగేదాకా. 1775 వరకు అమెరికా వలసలకు సుమారు 50,000 మందిని తోలారు. అమెరికా తిరగబడ్డాక 1776 నుంచి థేమ్స్ నదిలో పాత ఓడలనే జైళ్లుగా కట్టిపడేశారు. అవీ కిక్కిరిసిపోయాక 1787 మే 13న పదకొండు ఓడలు పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరి, మరుసటి జనవరికి న్యూ సౌత్ వేల్స్ చేరాయి. ఆస్ట్రేలియాకు అలా వెళ్లినవాళ్లు మొత్తం 1,60,000 పైచిలుకు. 1834లో పంపిన టోల్‌పడల్ వ్యవసాయ కూలీలు ఆరుగురు, చార్టిస్టులు, ఐర్లండు తిరుగుబాటుదార్లు — వీళ్లను మనం గౌరవంతో తలుచుకుంటాం. కాని ఆ ఓడల్లో అత్యధికులు దొంగలు, మామూలు దొంగలు.

ఏం దొంగిలించారు? చట్టం భాషలో పన్నెండు పెన్నీలు దాటితే పెద్ద దొంగతనం. దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు ఎత్తితే 1699 చట్టం ప్రకారం ఉరి. ఇంట్లోంచి నలభై షిల్లింగుల సొమ్ము పోతే దానికీ ఉరే. జ్యూరీలో కూర్చున్నవాళ్లకే ఇది మింగుడుపడక, పోయిన సొమ్ము విలువ ముప్ఫై తొమ్మిది షిల్లింగులని తేల్చేవారు. మనిషి ఉరికొయ్యనుంచి దిగి ఓడ ఎక్కేవాడు. ఒక్క షిల్లింగు అబద్ధం మీద నడిచిన న్యాయం అది. దీని వెనక మరో చట్టాల దొంతర వుంది. 1604కీ 1914కీ మధ్య ఇంగ్లండు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి ఊరుమ్మడి బీళ్లకు, పొలాలకు కంచెలు వేయించింది. నిన్నటిదాకా పుల్లలు ఏరుకున్న అడవి, గొడ్డును మేపుకున్న బీడు ఇవాళ ఎవరో దొరది. నిన్న హక్కు అయినది ఇవాళ దొంగతనం. మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటం ఆఖరి భాగంలో ఈ కథంతా వుంది. 1723 నాటి బ్లాక్ యాక్టు గురించి ఇ.పి. థాంప్సన్ 1975లో రాసిన 'విగ్స్ అండ్ హంటర్స్' కూడా సాహిత్య విద్యార్థులు చదవవలసిన పుస్తకం. నవలలో దొంగను చూసినప్పుడు ఆ దొంగను తయారుచేసిన కంచె ఎక్కడుందో వెతకడం అది నేర్పుతుంది.

1790లో వెళ్లిన రెండో ఓడల గుంపు సంగతి కూడా చెప్పాలి. బానిస వ్యాపారం చేసిన కంపెనీకి ఆ కాంట్రాక్టు దక్కింది. ఎక్కించిన తలకు ఇంత అని లెక్కగట్టారు, దించిన తలకు కాదు. ఎక్కిన సుమారు వెయ్యిమందిలో నాలుగో వంతు దారిలోనే పోయారు. దొంగను శిక్షించే పనిలో దొంగ కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు వున్నారన్నమాట.

ఇంగ్లీషు నవల ఈ చట్టంతోపాటే పుట్టిందంటే అతిశయోక్తి కాదు. 1718 చట్టం వచ్చిన నాలుగేళ్లకే, 1722లో, డేనియల్ డిఫో 'మాల్ ఫ్లాండర్స్' వచ్చింది. తల్లి ఖైదీగా వర్జీనియా వెళుతుంది. న్యూగేట్ జైల్లో పుట్టిన కూతురు లండన్‌లో పేరుమోసిన దొంగై, చివరికి అదే దారిన ఓడ ఎక్కుతుంది. మాల్ ఎత్తుకెళ్లిన ప్రతి వస్తువుకూ డిఫో విలువ రాస్తాడు — వెండి గిన్నె, బట్టల మూట, గడియారం. పశ్చాత్తాపం గురించి ఎంత ఉపన్యాసం చెప్పినా అతని చెయ్యి మాత్రం జమాఖర్చు పుస్తకం మీదే వుంటుంది. వర్జీనియా గడ్డ మీద అడుగుపెట్టాక దొంగసొమ్మే పెట్టుబడి అవుతుంది. మాల్ పొగాకు తోట పెడుతుంది. ఒక ఇంగ్లీషు పనిమనిషిని, ఒక నీగ్రో పనివాణ్ణి కొంటుంది. ఆ మనిషిని కొన్న వాక్యం దగ్గర డిఫోకు ఏ తడబాటూ లేదు. వాచీ దొంగిలిస్తే పాపం, మనిషిని కొంటే సంసారం చక్కబెట్టుకోవడం! వర్తకవర్గపు రచయిత కనుక దాచలేదు. ఆ నిజాయితీకైనా అతన్ని మెచ్చుకోవాలి.

డికెన్స్ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం చిక్కబడుతుంది. 'ఆలివర్ ట్విస్ట్'లో జేబుదొంగ కుర్రాడు డాడ్జర్‌ని వెండి నశ్యపు డబ్బీ కోసం దేశం దాటిస్తారు. నవల అతన్ని నవ్వుతూ సాగనంపి మర్చిపోతుంది. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో అప్పులపాలైన మికాబర్ ఆస్ట్రేలియా వెళ్లి మేజిస్ట్రేటు అయిపోతాడు. కథలో ఇమడనివాళ్లను నెట్టెయ్యడానికి ఆ దేశం ఒక పెరడు. అలాంటి రచయిత 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు సీరియల్‌గా రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో, ఆ పెరట్లోంచి ఒక మనిషిని అర్ధరాత్రి వీధిగుమ్మంలోకి తెచ్చి నిలబెట్టాడు. మాగ్‌విచ్ లండన్ తిరిగిరావడం ఇంగ్లీషు నవలలో గొప్ప ఘట్టమని అందరూ అంటారు. ఎందుకు గొప్పదో మాత్రం మనవాళ్లు సరిగా చెప్పలేదని నా అభిప్రాయం. దొంగలో మంచి మనిషి వున్నాడని చూపినందుకు కాదు. దొరబాబు దొంగసొమ్ముతో తయారయ్యాడని చూపినందుకు.

నవల దొంగతనంతోనే మొదలవుతుంది. పారిపోయి వచ్చిన ఖైదీ బెదిరిస్తే పసివాడు పిప్ ఇంట్లోంచి మాంసం, ఆకురాయి ఎత్తుకెళ్లి ఇస్తాడు. సిపాయిలకు దొరికిపోయాక ఖైదీ ఆ తిండి తానే కమ్మరి ఇంట్లో దొంగిలించానని నెత్తిన వేసుకుంటాడు. అప్పుడు కమ్మరి జో అన్నది గమనించాలి: అది తనది అయినమేరకు అతను తినడం సంతోషమేననీ, ఏ తప్పు చేశాడో తెలియకపోయినా సాటి మనిషి ఆకలితో చావాలని తాము కోరుకోమనీ అంటాడు. జో క్షమించడం లేదు. క్షమించాలంటే ముందు అది దొంగతనమని ఒప్పుకోవాలి. తిన్నవాడిదే తిండి అని ఆస్తి హక్కునే పక్కకు పెట్టేశాడు. పక్కనే సిపాయిలు, బేడీలు, దూరంగా బురదనీళ్లలో జైలు ఓడ. శ్రామికుడి న్యాయం, రాజ్యం న్యాయం ఒకే పేజీలో ఎదురుబొదురుగా నిలబడ్డాయి. మిగతా నవలంతా పిప్ ఈ మొదటి న్యాయాన్ని మరిచిపోవడం, తిరిగి తెలుసుకోవడం. (నేను చూసిన ఒక నాన్‌డిటైల్డ్ సంక్షిప్త ప్రతిలో పిల్లలకు అక్కర్లేదని తీసేసిన మొదటి ముక్క ఇదే! అందులో దయ్యాల కొంపలాంటి హావిషామ్ ఇల్లు మాత్రం పూర్తిగా వుంది.)

మాగ్‌విచ్ తన జీవితం చెప్పుకునేటప్పుడు, తనకు ఊహ తెలిసిన తొలి జ్ఞాపకమే ఎసెక్స్‌లో పొట్టకోసం టర్నిప్ దుంపలు దొంగిలించడమంటాడు. పుట్టుక, తల్లి, ఊరు ఏమీ లేవు. ఇతను రొట్టెదొంగ కాదు, తర్వాత దొంగనోట్లు చలామణీ చేసిన అసలైన నేరస్థుడు. అయినా కోర్టులో వర్గం ఎలా పనిచేస్తుందో డికెన్స్ కళ్లకు కట్టాడు. ఒకే నేరం, ఇద్దరు ముద్దాయిలు. చదువుకున్న కాంపీసన్ ఉంగరాల జుట్టు, నల్లకోటు, తెల్ల చేతిరుమాలు చూసి ఏడేళ్లు. ముతకబట్టల మాగ్‌విచ్‌కు పద్నాలుగు. తర్వాత యావజ్జీవం, సముద్రం అవతలకి.

అక్కడ గొర్రెలు కాస్తాడు, గొర్రెల మందలు పెంచుతాడు, డబ్బు చేస్తాడు. జాతిగుర్రాల మీద పోయే దొరలు తన మొహాన దుమ్ము కొట్టినప్పుడల్లా, మీకంటే మంచి దొరను నేను లండన్‌లో తయారుచేస్తున్నానని లోలోపల అనుకుంటాడు. నేను దొరను కాలేకపోతేనేం, ఒక దొరకు సొంతదారుణ్ణి అనుకోవడంలో వున్న విషాదం ఆలోచించండి. ఆస్తి అతన్ని మనిషిగా బతకనివ్వలేదు. అతనికి ప్రేమ కూడా ఆస్తి భాషలోనే వచ్చింది.

పిప్ తన వైభవానికి మూలం తెలుసుకుని అసహ్యంతో వణికిపోతాడు, ఇకమీదట ఆ డబ్బు ముట్టనంటాడు. ఇక్కడ ఒక లెక్క మన విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. పుట్టినరోజునాడు ముట్టిన అయిదు వందల పౌన్లలో సగం పిప్ అంతకుముందే స్నేహితుడు హెర్బర్ట్ కోసం ఒక ఓడవ్యాపార కంపెనీలో రహస్యంగా కట్టాడు. ఆ డబ్బు మాగ్‌విచ్‌దే. మిగతాది హావిషామ్ ఇచ్చిన తొమ్మిది వందలతో తీరుతుంది. మాగ్‌విచ్ చనిపోయి, అతని ఆస్తి చట్టప్రకారం రాజుకు పోయాక, పిప్ అదే కంపెనీలో గుమాస్తాగా చేరి కైరో వెళ్లి భాగస్తుడై బతుకుతాడు. దొంగ చేతి గొర్రెల డబ్బు ఒక మలుపు తిరిగి తూర్పుదేశాల వర్తకం లాభంగా మారింది. అప్పుడది మర్యాదస్తుల సొమ్ము. డికెన్స్ ఇది తెలిసే రాశాడా అనే చర్చ నాకు ముఖ్యం కాదు. బాల్జాక్ గురించి ఎంగెల్స్ చెప్పిన సంగతి మనకు తెలుసు: రచయిత అభిప్రాయాలను దాటి వాస్తవికత బయటపడుతుంది.

అయితే డికెన్స్‌కు కనిపించనిది ఒకటుంది, అది చిన్నది కాదు. మాగ్‌విచ్ గొర్రెలు ఎవరి నేల మీద మేశాయి? మాగ్‌విచ్‌కు న్యూ సౌత్ వేల్స్ నుంచి తిరిగివచ్చే హక్కు లేకపోవడాన్ని ఎడ్వర్డ్ సైద్ 1993లో సామ్రాజ్యవాద దృష్టికి ఉదాహరణగా చూపాడు. నేను ఇంకో అడుగు వేస్తాను. తిరిగిరాకూడని దొంగ గురించి ఆ నవల అంత బాధపడింది. ఎక్కడికీ వెళ్లకుండానే దేశం పోగొట్టుకున్న ఆదివాసులకు అందులో ఒక్క వాక్యం లేదు. ఎసెక్స్‌లో టర్నిప్ దుంప తీసినవాడు దొంగ. వేలాది ఏళ్లుగా మనుషులు బతికిన ఖండాన్ని ఎవరిదీ కాదని పంచుకున్నవాళ్లు ప్రభుత్వం. ఎవరిదీ కాని నేల అనే ఆ సిద్ధాంతాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు మాబో తీర్పులో కాదన్నది 1992 జూన్ 3న. మొదటి ఓడలు చేరిన రెండువందల నాలుగేళ్లకు.

మార్కస్ క్లార్క్ 'ఫర్ ద టర్మ్ ఆఫ్ హిజ్ నాచురల్ లైఫ్' గురించి ఎక్కువ చెప్పను. 1870–72లో సీరియల్‌గా, 1874లో పుస్తకంగా వచ్చిన ఈ నవలను ఖైదీల ఇతిహాసమని పొగుడుతారు. కొరడా దెబ్బల వర్ణన నిజంగానే ఒళ్లు జలదరింపజేస్తుంది. కాని దెబ్బలు తినే కథానాయకుడు రూఫస్ డాస్ దొంగ కాదు. పొరపాటున శిక్షపడిన సంపన్నుడి బిడ్డ. ఈ నవలలోనే గాబెట్ అనే నరమాంసభక్షకుడు వున్నాడు. అతనికి మూలమైన అలెగ్జాండర్ పియర్స్‌ను ఐర్లండులో దేశం దాటించింది ఆరు జతల బూట్లు దొంగిలించినందుకు. 1822లో మాక్వరీ హార్బర్ నరకంనుంచి పారిపోయి, ఆకలికి తోటి ఖైదీలను తిని, 1824లో హోబార్ట్‌లో ఉరికి వేలాడాడు. చూడండి: అసలు దొంగ రాక్షసుడయ్యాడు, మన కన్నీళ్లు నిర్దోషి అయిన దొరబిడ్డకు. పాఠకుడు జైలును అసహ్యించుకుంటాడు గాని చట్టాన్ని ప్రశ్నించడు. మనిషి తప్పుచోటికి వచ్చాడంటాడే గాని ఆ చోటే తప్పనడు.

ఇక్కడే చెహోవ్ గొప్పతనం అర్థమవుతుంది. 1890లో ఆయన సైబీరియా దాటి సఖాలిన్ ద్వీపానికి వెళ్లి, ఇంటింటికీ తిరిగి, దాదాపు పదివేల జనాభా కార్డులు నింపాడు. 1895లో పుస్తకంగా వచ్చిన 'సఖాలిన్ ద్వీపం' నవల కాదు. ఊళ్లు, తిండి కొలతలు, పంటలు, పెళ్లిళ్లు, కొరడా దెబ్బలు వున్న నివేదిక. రష్యా అంతటా కథలుగా చెప్పుకున్న దొంగ సోన్య 'బంగారు చేయి' అందులో కనిపిస్తుంది — చేతికి సంకెళ్లు, నెరిసిన జుట్టు, చిన్న గదిలో అటూ ఇటూ పచార్లు. పత్రికలకు ఆమె ఒక రమ్యమైన గాథ. చెహోవ్‌కు ఒక ఖైదీ. అంతే రాసి ముందుకు వెళ్లిపోతాడు. గిల్యాక్‌లకు ఒక అధ్యాయం ఇచ్చాడు, ఐనూల సంఖ్య తగ్గిపోవడం గురించి రాశాడు. శిక్షాస్థావరం ఖైదీని మాత్రమే కాదు, ఆ నేల మనిషినీ తింటుందని లెక్కలతో చూపాడు. మన కథారచయితలు చెహోవ్ శిల్పం గురించి మాట్లాడినంత ఈ పుస్తకం గురించి మాట్లాడరు. కథకుడు జనాభా లెక్కల కార్డు పట్టుకుని తిరగడం బహుశా మనకు నామోషీ.

డికెన్స్ వదిలేసిన ప్రశ్నను 2005లో ఆస్ట్రేలియా రచయిత్రి కేట్ గ్రెన్‌విల్ 'ద సీక్రెట్ రివర్'లో తీసుకుంది. థేమ్స్ మీద పడవ నడిపే విలియం థార్న్‌హిల్ ఖరీదైన కలప దొంగిలించి, ఉరి తప్పించుకుని, 1806లో సిడ్నీ చేరతాడు. హాక్స్‌బరీ ఒడ్డున నూరెకరాల జాగా చూసి ఇది నాదే అనుకుంటాడు. జీవితంలో ఏదీ తనది కానివాడికి కలిగిన ఆ ఆశను రచయిత్రి ఎంత దగ్గరగా రాసిందంటే మనమూ ఆ నేలను కోరుకుంటాం. తర్వాత అక్కడ ముందునుంచీ వున్నవాళ్ల హత్యాకాండ. అందులో అతనూ వుంటాడు. రాతి మీద ఆదివాసులు చెక్కిన చేపబొమ్మ అతను కట్టిన రాతి ఇంటి పునాది కింద దాగిపోతుంది. దొంగ భూస్వామి అయిన క్రమాన్ని ఇంత స్పష్టంగా చూపిన నవల నేను మరొకటి చదవలేదు.

అయినా నాకొక పేచీ వుంది. నేరమంతా మళ్లీ పాత దొంగల నెత్తిమీదే పడింది. తుపాకులు పట్టినవాళ్లు వాళ్లే, రాత్రుళ్లు నిద్రపట్టనివాళ్లూ వాళ్లే. పట్టాలిచ్చిన గవర్నరు, ఉన్ని కొన్న యార్క్‌షైర్ మిల్లు యజమాని నవల అంచుల్లో కూడా నిలబడరు. స్వాన్ నదికి పెట్టుబడీ కూలీలనూ తీసుకెళ్లి, కూలీలంతా విడిపోగా పక్క వేసేవాడు కూడా లేక మిగిలిపోయిన పీల్ దొర గురించి 'కాపిటల్'లో మార్క్స్ హాస్యంగా చెబుతాడు. ఆ పశ్చిమ ఆస్ట్రేలియా వలసే కూలీలు చాలక 1850 నుంచి ఖైదీలను అడిగి తెప్పించుకుంది. దొంగ అక్కడ శిక్ష అనుభవించడానికి రాలేదు, పీల్ దొర కొరత తీర్చడానికి వచ్చాడు. ఈ కోణంనుంచి రాసిన నవల నాకు తెలిసి ఇంకా రాలేదు. ఆస్ట్రేలియా మాత్రం ఆ దొంగలను సౌకర్యంగా జీర్ణించుకుంది. దస్తావేజు ఫోర్జరీ చేసినందుకు శిక్షపడ్డ ఫ్రాన్సిస్ గ్రీన్‌వే బొమ్మను 1966లో పది డాలర్ల నోటు మీద అచ్చువేసింది. పదమూడేళ్లప్పుడు గుర్రం దొంగిలించిన మేరీ రీబీ బొమ్మను 1994 నుంచి ఇరవై డాలర్ల నోటు మీద వేసింది.

ఇదంతా ఎక్కడో తెల్లవాళ్ల కథ అనుకునేవాళ్లకు ఒక మాట. మద్రాసు ప్రెసిడెన్సీ ఖైదీలను కూడా సింగపూరుకు ఓడల్లో పంపారు. 1873 దాకా అక్కడ ఈ దేశపు ఖైదీలు వుండేవారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ చర్చి వాళ్ల చేతిపని. గోడలకు పూసింది మద్రాసు సున్నం. మన శిక్షాస్మృతిలోంచి ద్వీపాంతర శిక్ష అనే మాట పోయింది 1955 చట్టంతో. సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో తన పుస్తకంలో పేదలకోసం మూడురకాల స్థావరాలు ప్రతిపాదించాడు: నగరంలో ఒకటి, పొలాల్లో ఒకటి, సముద్రం అవతల ఒకటి. ఆ సంస్థే నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకు వర్తించిన కొద్దికాలానికి బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టింది. శిక్షాస్థావరం మన జిల్లాలోకే వచ్చింది, ఓడ అక్కర్లేకుండా. ఇంగ్లండులో కనీసం ఒక్కొక్కడి మీదా నేరం రుజువు చేశారు. ఇక్కడ ఎరుకల కుటుంబంలో పుట్టడమే రుజువు. హాజరు పట్టీ, వేలిముద్ర, ఊరు దాటాలంటే పాసు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా ఆ ఊరి పేరు మన సినిమాకు ఇంకా సరుకే: 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'.

చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో తన పుస్తకంలో చూపినదాన్నిబట్టి, ఈ కథలోనూ ఒక కంచె వుంది. కొరవలు, ఎరుకలవాళ్లు కోస్తా నుంచి ఉప్పు, లోపలి జిల్లాలనుంచి ధాన్యం పశువుల మీద మోస్తూ బతికిన వర్తకులు. ప్రభుత్వం ఉప్పు విధానం, రైలు, కరువులు ఆ బతుకును తీసేశాయి. బతుకు పోయాక వాళ్లకు నేరస్థులనే పేరు పెట్టారు. స్టువర్టుపురం జనం చివరికి చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. మన రచయితల్లో ఎవరైనా ఈ వస్తువు తీసుకుంటే, గజదొంగ సాహసం దగ్గరా వద్దు, ఆకలితో ముంత ఎత్తుకెళ్లిన పిల్లాడి దగ్గరా వద్దు. గాడిదల మీది ఉప్పు బస్తాల దగ్గర మొదలుపెట్టాలి. ఆ బస్తాలు ఏ ఏడు ఆగిపోయాయో, రాత్రి హాజరుపట్టీలో వేలిముద్ర వేసిన ఆడమనిషి పొద్దున్నే ఎవరి గోడౌన్‌లో, ఏ కూలికి కూర్చుందో — చెహోవ్ కార్డు మీద అడిగినట్టు — ముందు అవి అడిగి రాసుకోవాలి.